తెల్లవారితే శుక్రవారం

సింగపూర్‌లో, బుకిట్ బటోక్‌లో నవనీత్ ఉండే బ్లాకుకి లిఫ్టు ఉంది. ఉందని చెప్పుకోవడమే గానీ, అది ఒకటి, ఐదు, తొమ్మిది అంతస్తుల్లో తప్ప ఆగదు. నవనీత్ ఉండేది ఏడులో. ఐదులో దిగి, రెండంతస్తులు మెట్లెక్కి, తలుపు కొట్టే ముందు గోడకి ఆనుకుని కాసేపు నిలబడ్డాను. వుడ్‌లాండ్స్ మలేషియా సరిహద్దు కౌంటర్లో ఇరవై రెండేళ్లు కూర్చుని పాస్‌పోర్టుల మీద ముద్రలు కొట్టిన దాన్ని. మోకాళ్లు అక్కడే అరిగిపోయాయి. ఆ ఉద్యోగం మానేసి డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకుని ఐదేళ్లయింది. ఇప్పటికీ ఒక్కరు కూడా నన్ను డిటెక్టివ్ సత్యవాణి అని పిలిచిన పాపాన పోలేదు.

తలుపు తెరిచి, "రండి ఆంటీ," అన్నాడు నవనీత్.

మనిషి బక్కగా ఉన్నాడు. గడ్డం గీసుకుని వారమై ఉంటుంది. తెనాలి కుర్రాడు, ఇంటర్నెట్ కంపెనీలో ప్రోగ్రామరు. ఈ రెండువేల సంవత్సరంలో ఊళ్లో రాయి విసిరితే ఇంకో ప్రోగ్రామరుకే తగుల్తుంది. అయితే పోలీసులు సాయంత్రం ఆరింటికి వస్తామని కబురు పెట్టింది ఇతనొక్కడికే.

సంగతి ఇది. నవనీత్, అతని ఆఫీసులోనే పనిచేసే రమేష్, ఇద్దరూ కలిసి యూరప్ వెళ్లారు. తిరిగొచ్చింది నవనీత్ ఒక్కడే. రమేష్ బ్యాగు పోయిన శుక్రవారం ఉదయం పారిస్‌లో నది ఒడ్డున దొరికింది. మనిషి దొరకలేదు. గురువారం రాత్రి నీళ్లలో పడ్డాడనో, ఎవరో తోసేశారనో అక్కడి పోలీసుల అనుమానం.

రమేష్ తల్లి అన్నపూర్ణమ్మది సెంబవాంగ్. వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి ఇక్కడి నౌకా స్థావరంలో పనికొచ్చాడు. మూడు తరాలుగా ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం. రేపు పొద్దున కర్మ చేయించెయ్యమని బంధువులు ఆవిడ నెత్తిన కూర్చున్నారు. ఆవిడ నన్ను అడిగింది మాత్రం ఒక్కటే.

"ఉన్నాడో లేడో సెప్పు వాణమ్మా. లేడంటే రేపు పిండం పెట్టిస్తాను. ఉన్నాడంటే అన్నం వండుకుని కూకుంటాను. మధ్యలో ఉండలేకపోతన్నాను."

నిన్న రాత్రి నాకు నిద్ర లేకుండా చేసింది ఆ మాటే.

ప్రశ్నలు మొదలుపెట్టే ముందు నేను హ్యాండ్‌ఫోన్ ఆపేస్తాను. ఎదుటివాడు నిజం చెప్పడానికి నోరు తెరిచిన క్షణాన ఫోన్ మోగితే, ఆ నిజం మళ్లీ బయటికి రాదు. అలాగే ఆపేసి సంచిలో పడేశాను.

"చెప్పు. గురువారం ఏం జరిగింది?"

"చెప్పాను కదా ఆంటీ, అందరికీ. సాయంత్రం రమేష్‌కీ నాకూ చిన్న ఆర్గ్యుమెంట్ అయింది. తను హోటల్ నుంచి వెళ్లిపోయాడు. నేను వెనిస్ వెళ్లే రాత్రి ట్రైన్ ఎక్కేశాను. ఎనిమిదింటి బండి. పడుకుంటే తెల్లారి లేచేసరికి ఇటలీ."

"గొడవ దేని గురించి?"

"ఏదో సిల్లీ మేటర్ అండీ."

"రైల్లో బాగా నిద్రపట్టిందా?"

"పట్టింది ఆంటీ. ఒక్కసారి కూడా మెలకువ రాలేదు."

అబద్ధాలు చెప్పేవాళ్లకి నిద్ర ఎప్పుడూ బాగానే పడుతుంది.

"రైలు పాస్ ఏదీ?"

ఒక క్షణం తటపటాయించి, దిండు కింది నుంచి తీసి ఇచ్చాడు. యూరప్‌లో పదిహేడు దేశాల రైళ్లు ఎక్కడానికి పనికొచ్చే పాస్ అది. అక్కడికి వెళ్లాక కొనడం కుదరదని ఇక్కడే ట్రావెల్ ఏజెంటు దగ్గర తీసుకున్నారు. బండెక్కిన ప్రతి రోజూ ఒక గడిలో ఆ రోజు తేదీ ఇంకుతో రాసుకోవాలి. వీళ్లు తీసుకున్నది జంట పాస్. ఒకే కాగితం మీద ఇద్దరి పేర్లూ, ఇద్దరి పాస్‌పోర్టు నంబర్లూ ఉన్నాయి. విడివిడిగా కొంటే అయ్యేదానికంటే చవక, కాకపోతే ఇద్దరూ ఎప్పుడూ కలిసే ప్రయాణం చేయాలని షరతు. చవక అనే మాట వినబడితే మనవాళ్లు షరతు దాకా చదవరు.

"జంట పాస్ మీద ఒక్కడివే ఎలా వెళ్లావు?"

"రెండో పర్సన్ లాస్ట్ మినిట్‌లో రాలేదని చెప్పాను. టీటీ ఏమీ అనలేదు."

ఆఖరి గడిలో తేదీ చూశాను. శుక్రవారం. పాస్ మడిచి నా సంచిలో పెట్టుకున్నాను.

"నీ గది చూడొచ్చా?"

ఆ ఫ్లాటులో ముగ్గురు కుర్రాళ్లు అద్దెకుంటున్నారు. మిగతా ఇద్దరూ ఆఫీసులో ఉన్నారు. నవనీత్ గదిలో ఒక పరుపు, ఒక కంప్యూటరు, సగం ఖాళీ అయిన ఆవకాయ సీసా ఉన్నాయి. సూట్‌కేసు ఇంకా విప్పలేదు. పైన చొక్కాలు, కింద స్వెట్టర్, దాని మడతల్లో పారిస్ మెట్రో టికెట్లు. టేబుల్ సొరుగులో ఫొటోల కవర్లు కనిపించాయి. మంచం అంచున కూర్చుని ఒక్కొక్కటే తిరగేశాను.

ఇనుప గోపురం కింద నవనీత్. ఇనుప గోపురం కింద రమేష్. ఎవరో తెల్లాయన్ని బతిమాలి తీయించుకున్నట్టున్నారు, ఇనుప గోపురం కింద ఇద్దరూ. రమేష్ నల్లగా, పొడుగ్గా, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. తల్లి పోలికే. ఆ తర్వాత ఫౌంటెన్ దగ్గర, వంతెన మీద, బేకరీ ముందు. వెనిస్ ఒక్కటీ లేదు.

"రీల్ అయిపోయింది ఆంటీ," అన్నాడు నేను అడగకముందే.

తెనాలి నుంచి వెనిస్ దాకా వెళ్లినవాడు, రీలు అయిపోతే తిండి మానేసైనా ఇంకో రీలు కొంటాడు. పడవ పక్కన నిలబడి ఫొటో దిగకుండా మనవాడు తిరిగొచ్చాడంటే నేను నమ్మను. పైగా ఇతను 'నా వెనిస్ యాత్ర' అని యాభై మందికి ఈమెయిల్ కొట్టాడు. అది నా దాకా కూడా వచ్చింది. వీధులన్నీ నీళ్లేనట, పావురాలు భుజం మీద వాలాయట. గైడు పుస్తకం చూసి రాసినట్టుంది అనుకున్నాను అప్పుడే.

ఇక అడుగుదామని నోరు తెరిచేసరికి బయట తలుపు మోగింది. మోగిన పద్ధతిని బట్టే ఎవరో తెలిసిపోయింది. రాజారావు తలుపు కొడితే అప్పులవాడు కొట్టినట్టు ఉంటుంది.

రాజారావు ఒకప్పుడు హైదరాబాదులో పోలీసు. ఇప్పుడు నవనీత్, రమేష్ పనిచేసే కంపెనీకి సెక్యూరిటీ పెద్ద. ఆ కంపెనీ వచ్చే నెలలో షేర్ మార్కెట్‌కి వెళ్లబోతోంది కాబట్టి, ఈ గొడవ త్వరగా తేలిపోవాలని వాళ్ల తొందర. పోయిన శనివారం కబురు తెలిసిన వెంటనే పారిస్ వెళ్లి అన్నీ చూసుకుని వచ్చానని అందరితో చెప్పుకుంటున్నాడు. విమానంలో ముందు సీట్లో తప్ప కూర్చోడు. కనబడినప్పుడల్లా నాకు విజిటింగ్ కార్డు ఇస్తాడు. ఇప్పటికి నా దగ్గర ఆరున్నాయి.

"ఓ, సత్యవాణి గారు! మీరింకా ఈ కేసులోనే ఉన్నారా?" అంటూ ఏడో కార్డు ఇచ్చాడు. ఫ్లాటంతా సెంటు వాసన నిండిపోయింది. నా వైపు ఇంక చూడలేదు. కుర్చీ లాక్కుని నవనీత్‌కి మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నాడు.

"చూడు బాబూ. ఆరింటికి పోలీసులు వస్తారు. వాళ్లకి చెప్పే ముందు అంకుల్‌కి చెప్పెయ్. అంకుల్ నిన్ను కాపాడతాడు."

"నేనేం చేయలేదు సార్."

"గురువారం రాత్రి నువ్వు రైల్లో ఉన్నానంటావు. మరి పాస్ మీద శుక్రవారం తేదీ ఎందుకుంది? చెప్పు. అంకుల్‌తో అబద్ధాలొద్దు. రైలెక్కింది శుక్రవారమే. గురువారం రాత్రి నువ్వు పారిస్‌లోనే ఉన్నావు, రమేష్ కూడా అక్కడే ఉన్నాడు. వాణ్ని నీళ్లలోకి తోసి, మర్నాడు చక్కగా రైలెక్కి వెళ్లిపోయావు. కాదా?"

నవనీత్ ముఖం తెల్లబడింది. నా వైపు చూశాడు. నాకు అలసటగా ఉంది. టీ తాగాలని ఉంది. కానీ రాజారావు ఆ మాట అన్న తీరుకి ఒళ్లు మండింది. పిల్లవాణ్ని ఉరికంబం ఎక్కించడానికి తేదీ ఒక్కటి చాలుననుకున్నాడు.

"రాజారావు గారూ, మీరెప్పుడైనా రాత్రి రైలు ఎక్కారా?" అన్నాను.

"నాకా అవసరం రాలేదు."

"తెలుస్తూనే ఉంది. పాస్ తోపాటు ఇచ్చే నిబంధనల్లో ఒకటుంది. సాయంత్రం ఏడు దాటాక రాత్రి బండి ఎక్కితే ఆ రోజు తేదీ రాయకూడదు. మర్నాటి తేదీ రాయాలి. లేకపోతే ఒక్క రాత్రికి రెండు రోజులు ఖర్చయిపోతాయి కదా, అందుకని ఆ వెసులుబాటు. గురువారం ఎనిమిదింటికి ఎక్కితే గడిలో శుక్రవారమే ఉంటుంది, ఉండాలి కూడా."

"ఇదెక్కడి లెక్క?" అన్నాడు చిరాగ్గా.

"మా నాయనమ్మ లెక్క. మా ఇంట్లో గేదె రాత్రిపూట ఈనితే, ఎప్పుడు ఈనింది అని అడిగితే 'తెల్లవారితే శుక్రవారం' అనేది. గురువారం అని ఒక్కసారి కూడా అనలేదు. యూరప్ రైళ్లవాళ్లు ఆవిణ్ని అడిగే ఈ రూలు పెట్టినట్టున్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్లు అనేవాళ్లు కాదా?"

రాజారావు కోపంగా కుర్చీ వెనక్కి తోశాడు. ఆ తేదీ మీద ఎంత పెద్ద మేడ కట్టుకున్నాడో అప్పుడు తెలిసింది నాకు.

"మాటలు చెప్పకండి. పోలీసులు చూసుకుంటారు."

"చూసుకుంటారు. వాళ్లకి కూడా నిబంధనల కాగితం చూపిస్తాను. ఆ పాస్ చెప్తున్నదల్లా ఒక్కటే, గురువారం రాత్రి ఎనిమిదికి దీని మీద ఎవరో బండెక్కారని. మీరు పట్టుకున్న తేదీ ఈ పిల్లాడికి ఉరితాడు అనుకున్నారు. అది ఇతన్ని పైకి లాగే తాడు."

అప్పుడే రాజారావు సెల్లు మోగింది. తెర మీద పేరు చూసి లేచి వరండాలోకి వెళ్లాడు. తలుపు సందులోంచి మాటలు వినపడ్డాయి.

"ఆఁ, చెప్పండమ్మా... నిజంగానా?... చాలా సంతోషం. మీరేం కంగారుపడకండి, నేను చూసుకుంటాను... అలాగే, ఎవరికీ చెప్పను."

తిరిగి లోపలికి వచ్చేసరికి కోపం, చిరాకు అన్నీ పోయి, ముఖం కడిగినట్టయింది. "సరే సత్యవాణి గారూ, మీ రైళ్లూ మీరూ. నాకు వేరే పనుంది," అని చెప్పి వెళ్లిపోయాడు. పరువు దక్కించుకోవడానికి ఫోన్ అడ్డం పెట్టుకున్నాడు అనుకున్నాను. గెలిచినందుకు కాస్త సంతోషం కూడా వేసింది. ఒళ్లు అలిసినప్పుడు మనిషికి గెలుపు తొందరగా ఎక్కుతుంది.

"థాంక్స్ ఆంటీ," అంటూ నవనీత్ ఏడ్చినంత పని చేశాడు. టీ పెట్టాడు. పాలు ఎక్కువ, పంచదార ఇంకా ఎక్కువ. సగం తాగాను.

"నీ పాస్‌పోర్టు ఓసారి ఇవ్వు."

"ఎందుకు ఆంటీ? క్లియర్ అయిపోయింది కదా?"

"అలవాటు బాబూ. పాస్‌పోర్టు చూడకుండా ఇరవై రెండేళ్లు ఎవర్నీ గడప దాటనివ్వలేదు."

నీలం రంగు భారతదేశపు పాస్‌పోర్టు. చేతిలోకి రాగానే వేళ్లు వాటంతటవే పేజీలు తిప్పాయి. సింగపూర్ వర్క్ పాస్. సింగపూర్ ముద్రలు. యూరప్ వీసా. లోపలికి వచ్చిన ముద్ర పారిస్‌లో, బయటికి వెళ్లిన ముద్ర పారిస్‌లో. ఆ తర్వాత ఖాళీ పేజీలు. మొదటి నుంచి మళ్లీ తిప్పాను. టీ చల్లారిపోయింది.

"నవనీత్, నీ స్విట్జర్లాండ్ వీసా ఏదీ?"

"నేను స్విట్జర్లాండ్ వెళ్లలేదు ఆంటీ. ఫ్రాన్స్, ఇటలీ రెంటికీ ఒకటే వీసా కదా."

"వీసా ఒకటే. బండి మాత్రం మధ్యలో స్విట్జర్లాండ్ గుండా వెళ్తుంది. నువ్వు ఎక్కానన్న బండి అర్ధరాత్రి ఆ దేశంలోకి వెళ్లి, తెల్లారగట్ల ఇవతలికి వస్తుంది. వాళ్ల వీసా వేరు. అది లేని పాస్‌పోర్టు కనబడితే సరిహద్దులో నిద్ర లేపి దింపేస్తారు. నువ్వేమో ఒక్కసారి కూడా మెలకువ రాలేదన్నావు."

అతను నేల వైపు చూశాడు.

"ఫొటోలు లేవు. వీసా లేదు. ఉన్నదల్లా ఈమెయిల్ ఒక్కటి. నువ్వు వెనిస్ మొహం చూడలేదు. అవునా?"

పక్క ఫ్లాటులో ఎవరో మిక్సీ వేశారు. అది ఆగాక చెప్పాడు.

"స్టేషన్‌లో కౌంటర్ ఆవిడ నా పాస్‌పోర్ట్ చూసి, నువ్వు ఈ ట్రైన్ ఎక్కలేవు అంది ఆంటీ. అప్పటిదాకా మాకు తెలీదు. రమేష్‌ది సింగపూర్ పాస్‌పోర్ట్, వాడికి వీసాలు అక్కర్లేదు. వాడికి అర్జెంటుగా వెళ్లాలి. మా కంపెనీలో పెట్టుబడి పెడదామనుకుంటున్న ఇటలీ వాళ్లని కలవాలన్నాడు. మా సైట్ వాడుతున్నారని కంపెనీ చూపిస్తున్న జనంలో సగం మంది అసలు లేనే లేరని వాడు కనిపెట్టాడు. అది వాళ్లకి చెప్పాలన్నాడు. నాకిది ముందు తెలీదు. ట్రిప్పు అంటే నిజంగా ట్రిప్పే అనుకున్నాను. గొడవ దాని గురించే. ఉద్యోగాలు పోతాయిరా అన్నాను."

"పాస్?"

"ఒకటే కదా ఉంది. వాడే తీసుకుని ఎక్కాడు. నేను తర్వాత వేరే దారిలో వస్తానన్నాను. పెద్ద బ్యాగు హోటల్ రిసెప్షన్‌లో వదిలేసి, చిన్నది భుజాన వేసుకుని వెళ్లాడు. మళ్లీ ఫోన్ రాలేదు. నేను పారిస్‌లోనే ఉండిపోయి, అక్కణ్నించే వచ్చేశాను."

"మరి అబద్ధం ఎందుకు చెప్పావు?"

"బ్యాగు నది దగ్గర దొరికిందన్నారు. గురువారం రాత్రి పారిస్‌లో ఉన్నానని చెప్తే నన్నే పట్టుకుంటారు కదా? పైగా..." గొంతు తగ్గించాడు. "ట్రిప్పు ముందే అందరికీ వెనిస్ వెళ్తున్నానని చెప్పేశాను ఆంటీ. నాన్న ఊళ్లో అందరికీ చెప్పారు. అప్పటికే మెయిల్ కొట్టేశాను."

నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. యాభై మంది ముందు నామోషీ పడలేక, స్నేహితుడు బతికి రైలెక్కాడన్న ఒక్క మాట ఆ తల్లికి చెప్పకుండా మింగేశాడు. చెంప పగలగొట్టాలనిపించింది. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

"ఆ బ్యాగు నది దగ్గరికి ఎలా వెళ్లింది?"

"తెలీదు ఆంటీ, ఒట్టు. శుక్రవారం పొద్దున హోటల్లో అడిగితే లేదన్నారు. ఎవరో తీసుకెళ్లారట. రిసెప్షన్‌లో అమ్మాయి ఏమందంటే..." గుర్తు చేసుకున్నాడు. "'యువర్ అంకుల్ టుక్ ఇట్' అంది. మాకు అంకుల్ ఎవరూ లేరే అనుకున్నా. వేరేవాళ్లనుకుని పొరబడిందేమో."

కప్పు కింద పెట్టాను.

ఇక్కడ మనం బస్సు డ్రైవరునీ, టీ కొట్టు ఆయన్నీ, లిఫ్టులో పక్కన నిలబడ్డ పెద్దమనిషినీ అందర్నీ అంకుల్ అంటాం. పారిస్ అమ్మాయి అనదు. ఆ అమ్మాయికి ఆ మాట ఎవరో చెప్పి ఉండాలి. వచ్చి, నేను ఆ పిల్లల అంకుల్‌ని అని తనే చెప్పుకున్న మనిషి ఎవరో ఉండాలి.

"నవనీత్, రమేష్ పట్టుకెళ్లిన పాస్ నీ దిండు కిందికి ఎలా వచ్చింది?"

"ఇవాళ పొద్దున లెటర్ బాక్సులో ఉంది ఆంటీ. కవర్లో. ఉత్తరం ఏమీ లేదు." కవరు తెచ్చి చూపించాడు. అతికించింది సింగపూర్ స్టాంపే. "రమేషే పంపాడేమో అని ఆశపడ్డా. మళ్లీ భయమేసింది. పోలీసులు వస్తే నా మాటకి సపోర్ట్‌గా ఉంటుందని దాచాను."

"ఎవరికి చూపించావు?"

"మీకే. ఇంకెవరికీ చూపించలేదు. ఫ్లాట్‌లో వాళ్లక్కూడా."

పాస్ నా సంచిలోనే ఉంది. రాజారావు వచ్చినప్పుడూ అక్కడే ఉంది. బయటికి తీయలేదు, తేదీ మాట నేను ఎత్తలేదు. అతను కూర్చోగానే పాస్ మీద శుక్రవారం ఉందన్నాడు. నా ఎదురుగానే అన్నాడు. నాయనమ్మ గేదె గురించి చెప్పి గెలిచిన సంబరంలో నేను అది పట్టించుకోలేదు.

శనివారం పారిస్ వెళ్లానన్నవాడు శుక్రవారం పొద్దునకల్లా అక్కడ బ్యాగు తీసుకున్నాడు. పాస్ సంపాదించాడు. దాని మీద తేదీ చూసి, అది నవనీత్‌ని పట్టిస్తుందని మురిసిపోయి పోస్టులో వేశాడు. పోలీసులు ఆరింటికి వచ్చి వెతికితే దిండు కింద దొరుకుతుంది. ఒక్కసారి రాత్రి రైలెక్కి ఉంటే ఆ పొరపాటు చేసేవాడు కాదు.

కానీ పాస్ రమేష్ దగ్గరుంది. అది రాజారావు చేతికి వచ్చిందంటే, అతనో అతని మనుషులో రమేష్ దాకా వెళ్లారన్న మాటే. ఏం చేసి తీసుకున్నారు? సెంబవాంగ్ వెళ్లి ఆ తల్లి ముందు కూర్చుని, పిండం పెట్టించండమ్మా అని నేనే చెప్పాలా?

హ్యాండ్‌ఫోన్ తీసి ఆన్ చేశాను. అన్నపూర్ణమ్మ ఇంటి నుంచి నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. చేశాను. మొదటి మోతకే ఎత్తింది.

"వాణమ్మా! ఎక్కడ సచ్చిపోయావమ్మా, ఎన్నిసార్లు సేశాను! ఉన్నాడమ్మా. నా కొడుకు ఉన్నాడు!"

"అమ్మా, నెమ్మదిగా చెప్పండి."

"ఇందాక ఫోన్ సేశాడు. వాడి గొంతే. ఎవరో వెంటపడితే రైలు దిగి పరిగెత్తాడంట, కోటు కూడా అక్కడే వదిలేసి. కోటులోనే కాగితాలన్నీ ఉండిపోయినాయంట. పాస్‌పోర్టు లాగు జేబులో ఉండబట్టి బతికిపోయినాడు. ఎక్కడెక్కడో దాక్కుని బ్యాంకాక్ దాకా వచ్చి, అక్కణ్నించి రైళ్లు మారతా వస్తన్నాడు. విమానం దిగితే ఎవరో కాపు కాస్తారని భయమంట. ఇప్పుడు కౌలాలంపూర్ నుంచి బండెక్కుతున్నాడు. సాయంత్రం ఇక్కడ మన తంజాంగ్ పగార్ స్టేషన్లో దిగుతానన్నాడు."

సంచి పట్టీ పట్టుకుని లేచాను. "ఈ సంగతి ఎవరికైనా చెప్పారా?"

"ఎవరికీ సెప్పొద్దన్నాడు వాడు. నేనెందుకు సెప్తానమ్మా? మా సుట్టాలకి కూడా సెప్పలేదు." కాస్త ఆగింది. "నీకే ముందు సేశాను. నువ్వు ఎత్తలేదు. అందుకని ఆ రాజారావు బాబుకి సెప్పాను. పాపం, రోజూ వచ్చి నా పక్కన కూకుని కళ్లనీళ్లు పెట్టుకుంటన్నాడు కదా. ఆయనొక్కడికే. ఎంత సంతోషపడ్డాడో! నేనే స్టేషనుకెళ్లి తీసుకొస్తానమ్మా, మీరు ఇంట్లోనే ఉండండి అన్నాడు."

వరండాలోంచి వినబడిన మాటలన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ వినబడ్డాయి. చాలా సంతోషం. నేను చూసుకుంటాను. ఎవరికీ చెప్పను.

"వాణమ్మా, ఉన్నావా? రేపు పిండం లేదని పూజారికి కబురు పెట్టించాను. బియ్యం కడిగేశాను. సేపల పులుసు పెడతన్నాను, వాడికిష్టం. పెట్టొచ్చు కదా?"

ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు దొరికింది. ఆ జవాబు సాయంత్రం దాకా నిలబడుతుందో లేదో నాకు తెలియదు. ఆ బండి ఊళ్లోకొచ్చి తంజాంగ్ పగార్ చేరేముందు సరిహద్దులో, వుడ్‌లాండ్స్‌లో ఆగుతుంది. పాస్‌పోర్టులు చూసేదాకా ఒక్కణ్నీ వదలరు. నేను కూర్చున్న కౌంటర్ల పక్కనే. అక్కడ రమేష్‌ని బండి దించగలిగితే రాజారావు స్టేషన్లో ఎంతసేపు నిలబడ్డా పర్వాలేదు. అతనికీ అదే ఆలోచన రాకుండా ఉంటే.

"పెట్టండమ్మా," అన్నాను. "నేనూ వస్తున్నాను. ముగ్గురికి వండండి."

ఫోన్ పెట్టేసేసరికి నవనీత్ నా చెప్పులు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, తను కూడా బూట్లు తొడుక్కుంటున్నాడు. రమ్మనలేదు, వద్దనలేదు. మెట్ల రెయిలింగు పట్టుకున్నాను. రాజారావుకి కారుంది, అరగంట ముందే బయల్దేరాడు. నాకు లిఫ్టు కూడా రెండంతస్తుల కిందే ఉంది.